పిక్క పట్టేసిన చోట యల్లాప్రగడ సుబ్బారావు

ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం అంటే ఇప్పటికీ ఇంటిల్లిపాదీ కలగనే విషయమే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ అంతే. గ్రూప్-డి రాత పరీక్ష గట్టెక్కిన మగ అభ్యర్థి ఆ తర్వాత 35 కిలోల బరువును కింద పెట్టకుండా 2 నిమిషాల్లో 100 మీటర్లు మోయాలి. 1,000 మీటర్లను 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. అవకాశం ఒక్కసారే. మూడో నిమిషంలో తొడలు బరువెక్కి, పిక్కలు మండుతుంటే, లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని పక్కనున్నవాళ్లు చెబుతారు. స్కూలు పుస్తకంలోనూ అదే ఉంటుంది: ఆక్సిజన్ చాలనప్పుడు అవాయు శ్వాసక్రియ, దాని వల్ల లాక్టిక్ ఆమ్లం, దాని వల్ల అలసట. ఈ కథ అంత సూటిగా లేదని దాదాపు వందేళ్ల కిందటే చూపించినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన తెలుగువాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. చిన్నప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగుపడదామని ఇంట్లోంచి పారిపోబోతే, తల్లి వెంకమ్మ వెనక్కి తెచ్చింది. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. చివరికి దక్కింది ఎంబీబీఎస్ కాదు, ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్. అప్పటికి స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్దిరోజుల తేడాతో ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. ఆయనకూ సోకితే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు. మందుల మీద పరిశోధన చేయాలన్న పట్టుదల ఆ ఇంటి విషాదంలోంచే వచ్చిందని అనుకోవచ్చు.

1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సొమ్ము కలిపితే ప్రయాణం వరకు సరిపోయింది. బతకడానికి ఆస్పత్రిలో రాత్రిపూట నౌకరీ చేశారు. ఆ తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సైరస్ ఫిస్క్ ప్రయోగశాలలో చేరారు.

సరిగ్గా ఆయన అమెరికా చేరిన ఏడాదికే బ్రిటన్‌కు చెందిన ఆర్చిబాల్డ్ హిల్, జర్మనీకి చెందిన ఒట్టో మేయర్‌హాఫ్‌లకు నోబెల్ ప్రకటించారు. కండరాన్ని నడిపించేదే లాక్టిక్ ఆమ్లమన్నది అప్పటి సిద్ధాంతం. దాన్ని పడగొట్టే ఉద్దేశం ఫిస్క్‌కు గానీ సుబ్బారావుకు గానీ లేదు. వాళ్లు చేసింది చాలా మామూలు పని. రక్తం, మూత్రం లాంటి నమూనాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి తయారుచేశారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దానికి క్షయకరణ రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని తర్వాతి తరాల జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలలో చేస్తూనే ఉన్నారు.

కండరం నుంచి తీసిన ద్రవంతో చేసినప్పుడు మాత్రం లెక్క కుదరలేదు. నీలిరంగు వెంటనే రావాల్సింది, నెమ్మదిగా చిక్కబడుతూ వచ్చింది. ఇంకొకరైతే రసాయనం పాతబడిందని సీసా మార్చి ఊరుకునేవారేమో. వీళ్లు ఆ ఆలస్యం వెంట పడ్డారు. ఫాస్ఫేట్ క్రియాటిన్‌తో జతకట్టి ఉందని, ఆమ్లంలో మెల్లగా విడిపోతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. పిల్లి కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే ఈ పదార్థం తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్లీ పెరిగింది. 1927లో ఈ ఫలితం ప్రకటించారు. దాదాపు అదే సమయంలో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థం ఆనవాళ్లు పట్టుకున్నారు.

రెండేళ్లకు, 1929లో, ఫిస్క్-సుబ్బారావులు కండరంలో ఏటీపీని గుర్తించారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది స్వతంత్రంగా దాన్నే కనుక్కున్నారు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు తయారుకాకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు ముడుచుకుంటుందని చూపడంతో పాత సిద్ధాంతం కూలింది.

గ్రూప్-డి అభ్యర్థి భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. బరువు ఎత్తిన తొలి క్షణాల్లో ఖర్చయ్యేది కండరంలో నిల్వ ఉన్న కాస్త ఏటీపీ. అది రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఆపైన ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటుంది, అదీ పది సెకన్ల ముచ్చటే. వేగం తగ్గకూడదంటే ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విరగ్గొట్టాలి. ఒక గ్లూకోజుకు ఈ దారిలో మిగిలేది 2 ఏటీపీలు. ఆక్సిజన్ దారిలో 30 దాకా వస్తాయి, కాకపోతే ఆ దారి నెమ్మది. ఇక్కడ పుట్టే లాక్టేట్ ఉత్త చెత్త కాదు, గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. మర్నాటి ఒళ్లునొప్పులకూ అది కారణం కాదు, గంటలోపే సర్దుకుంటుంది. కండరం పట్టు సడలడానికి ఇప్పటి పరిశోధకులు ఎక్కువగా వేలెత్తి చూపేది ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు పోగుపడే ఫాస్ఫేట్‌ను. సుబ్బారావు నీలిరంగుతో కొలిచింది ఆ ఫాస్ఫేట్‌నే.

ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. పత్రాలపై ఫిస్క్ పేరే ముందుండేది. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ బయటకు రానివ్వలేదని, వాటిని ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని అదే ప్రయోగశాలలో పనిచేసి తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు. తన గురించి తాను చెప్పుకునే అలవాటు సుబ్బారావుకు లేకపోవడమూ ఆయనకు చేటే చేసింది.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీకి మారారు. ఆ ఎనిమిదేళ్ల పని గురించి తెలుగువాళ్లు తరచూ చెప్పుకుంటూనే ఉంటారు: ఫోలిక్ ఆమ్లం, పిల్లల రక్తక్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్. తమ్ముళ్లూ అన్నలనే తేడా లేకుండా ఇంట్లో మనుషులను తీసుకుపోయిన స్ప్రూకు ఫోలిక్ ఆమ్లం పనిచేస్తుందని కూడా ఆయన బతికుండగానే తేలింది.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. భారతీయులు అమెరికా పౌరసత్వం తీసుకునే వీలు 1946లో వచ్చినా ఆయన తీసుకోలేదు. స్వదేశానికీ తిరిగి రాలేదు. తాను అమెరికా వెళ్లాక పుట్టి, పసితనంలోనే పోయిన కొడుకును ఆయన చూడనే లేదు. 1919లో పెళ్లాడిన భార్య శేషగిరి, 1922లో సాగనంపిన తర్వాత ఆయన్ను మళ్లీ చూడలేదు.