దుర్గాబాయమ్మ గారి సంఘాలు

అడయారు వైపు బస్సులో వెళ్లేవాళ్లకి ఆంధ్ర మహిళా సభ బోర్డూ, దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఆసుపత్రీ కనిపిస్తూనే ఉంటాయి. ఆ రోడ్డుకీ ఆవిడ పేరే. పేరు చదువుతాం, దాటిపోతాం. వచ్చే వారం మన సేవా సంఘంలో కొత్త సభ్యుల సమావేశం ఉంది కదా, అందుకే ఈ సంచికకి ఆవిడ గురించి రాద్దామనిపించింది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు, పెరిగింది కాకినాడలో. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెప్పేస్తే తండ్రి రామారావు గారు కూతురి పక్షానే నిలబడ్డారు. ఆ రోజుల్లో ఎంతమంది ఆడపిల్లలకి దక్కిన భాగ్యం అది!

1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో, ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారిని లోపలికి పోనివ్వలేదన్న కథ అందరికీ తెలిసిందే. నాకు మాత్రం అంతకు రెండేళ్ల ముందు జరిగిందే ఎక్కువ నచ్చుతుంది. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారు. దేవదాసీలూ, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని దుర్గ పట్టుపట్టింది. అప్పటికి ఆ పిల్లకి పన్నెండేళ్లు నిండలేదు. అయిదు వేల రూపాయల నిధి ఇస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారు పెద్దలు. చిన్నపిల్ల, ఎక్కడ తెస్తుందిలే అనుకునే ఉంటారు. దేవదాసీలు ఆ డబ్బు పోగుచేశారు. ఆ స్త్రీలు అందరి మధ్యకీ రాలేరు కాబట్టి సభ ఒక బడి ఆవరణలో పెట్టించింది. అయిదు నిమిషాలకని వచ్చిన గాంధీగారు అరగంట దాటినా కదల్లేదు. విన్న ఆడవాళ్లు గాజులూ గొలుసులూ తీసి ఇచ్చేశారు, పాతిక వేల దాకా అయింది. ఆయన హిందీని తెలుగు చేసి చెప్పిందీ ఆ పిల్లే. ఆ తర్వాతి పెద్ద సభకి కూడా అనువాదానికి ఆమెనే వెంటబెట్టుకు వెళ్లారు.

ఆ హిందీ కూడా తను నేర్చుకుని ఊరుకున్నది కాదు. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసి, బాలికా హిందీ పాఠశాల పెట్టి, తన ఈడు పిల్లలకీ తనకంటే పెద్ద ఆడవాళ్లకీ నేర్పింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆమెని మద్రాసుకి తెచ్చింది. మూడేళ్లలో మూడుసార్లు జైలు. మదురైలో ఏకాంత ఖైదు. తమ మీద మోపిన నేరమేమిటో కూడా సరిగా తెలీని ఆడఖైదీలని జైల్లో చూశాకే లాయరు కావాలనుకున్నారు. కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు! ఇరవై దాటాక ఇంగ్లీషుతో మొదలుపెట్టి, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ గట్టెక్కారు. వాల్తేరులో బి.ఏ. ఆనర్స్‌కి వెళితే ఆడపిల్లలకి హాస్టల్ లేదు కనుక సీటు లేదన్నారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేశారు. తనలాగే ఆగిపోయిన అమ్మాయిలు ఓ పదిమంది దొరికారు. అందరూ కలిసి హాస్టల్ పెట్టుకున్నారు, చదువుకున్నారు. 1942లో మద్రాసులో లాయరయ్యారు.

ఈలోపే, 1937లో మైలాపూరులో, చుట్టుపక్కల ఆడపిల్లల్ని చేరదీసి లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్ అని ఒక చిన్న సంఘం నడిపారు. పేరు చూస్తే బొమ్మల పెళ్లిళ్లు చేసుకునే పిల్లల గుంపేమో అనిపిస్తుంది. ఆంధ్ర మహిళా సభ దీంట్లోంచే వచ్చింది! చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లనీ, భర్త పోయినవాళ్లనీ కూర్చోబెట్టి తను రాసిన ఆ బెనారస్ మెట్రిక్‌కే చదివించారు. హాస్టలూ, చేతిపనులూ, నర్సు శిక్షణా, ఆసుపత్రీ ఒక్కొక్కటే వచ్చి చేరాయి.

తను వద్దనుకున్న ఆ మొదటి భర్త తర్వాత మరొకామెని పెళ్లి చేసుకున్నారు. ఆయన పోయాక ఆమె దిక్కులేనిదైతే, ఆమెకీ ఈ సభే ఆశ్రయం ఇచ్చి పని నేర్పింది.

1946లో రాజ్యాంగ సభకి వెళ్లారు. రాజ్యసభ సభ్యత్వానికి ముప్పై అయిదేళ్లు నిండాలని ముసాయిదాలో ఉంటే, ముప్పై చాలని సవరణ పెట్టింది దుర్గాబాయి గారే. తెలివికీ వయసుకీ ముడిపెట్టొద్దని ఆవిడ వాదన. పన్నెండు నిండకుండానే సభ నడిపిన మనిషి మరి! ఇవాళ్టికీ ఆ ముప్పయ్యే అమల్లో ఉంది.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడు చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పెళ్లి. బోర్డు తరఫున 1958లో, బడి మానేసిన పెద్దవయసు ఆడవాళ్లని రెండేళ్లలో పరీక్షకి తయారుచేసే కోర్సులు దేశమంతా పెట్టించారు. మైలాపూరులో చేతనైనంతలో చేసిందే అది. 1981 మే 9న ఆవిడ పోయేనాటికి ఎన్నో ఊళ్లలో ఆ తరగతులు నడుస్తున్నాయి.