గ్రిగ్సన్: బస్తర్ నేర్పిన పాలన

పాలనను ఆధునికం చేయడమంటే ఇప్పుడు మనకు పోర్టళ్లు, యాప్‌లు, ఆధార్ అనుసంధానం గుర్తొస్తాయి. ఇవేవీ లేని కాలంలో, బస్తర్ అడవుల్లో, పాలన మారాలంటే ముందు ప్రజలెవరో తెలియాలని గ్రహించిన అధికారి విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్. ఆ గ్రహింపు ఫలితం తర్వాత ఆదిలాబాద్ గోండులకూ అందింది.

గ్రిగ్సన్ 1896లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కవి జెఫ్రీ గ్రిగ్సన్ ఆయన తమ్ముడే. ఐసీఎస్ అధికారిగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పనిచేస్తూ 1927లో బస్తర్ సంస్థానం పాలనాధికారి అయ్యారు. రాణి ప్రఫుల్ల కుమారీ దేవిది అప్పటికి చిన్న వయసు. అంతకు పదిహేడేళ్ల ముందే, 1910లో, అక్కడ భూమ్‌కాల్ తిరుగుబాటు జరిగింది. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరీ, బయటివారి దోపిడీ దానికి కారణాలు. సర్కారు దాన్ని బలగాలతో అణచివేసింది.

గ్రిగ్సన్ 1931 వరకు అక్కడే ఉన్నారు. ఊరూరా తిరిగి గ్రామ కట్టుబాట్లు, పోడు, బంధుత్వాలు, పూజలు తెలుసుకున్నారు. అబూజ్‌మాడ్ కొండల మరియాలకూ, అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించే మరియాలకూ ఉన్న తేడాను వివరించారు. 1938లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ ఆ శ్రమ ఫలితమే. సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ ఆదివాసుల స్థితిగతులపై ఆయన జరిపిన విచారణ నివేదిక 1944లో అచ్చయింది.

ఈలోగా ఆయన హైదరాబాద్ సంస్థానంలో రెవెన్యూ వ్యవహారాల బాధ్యత చేపట్టారు. భూమి, అడవి హక్కుల కోసం పోరాడిన కొమురం భీమ్ 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తర్వాతి కాలమది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండుల మధ్య ఉండి సూచించిన మార్పులకు గ్రిగ్సన్ మద్దతు దొరికింది. గోండులకు పట్టాలిచ్చే పని సాగింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు గోండీలో వాచకాలు వచ్చాయి.

ఇదంతా దయగల దొరల పాలనే తప్ప ఆదివాసుల స్వపాలన కాదు. నిర్ణయం పైవారిదే. భీమ్ ప్రాణం పోయాకే హైదరాబాద్ సర్కారు కదిలిందన్నదీ మరువరాదు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వంలో పనిచేసిన గ్రిగ్సన్, 1948లో అక్కడే విమాన ప్రమాదంలో మరణించారు.

ఆయన జీవితం నుంచి నేటి పాలకులు నేర్వాల్సింది ఒకటుంది. రికార్డు కాగితంపై ఉన్నా కంప్యూటర్‌లో ఉన్నా, అందులోకి ఎవరి పేరు ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్నదే అసలు ప్రశ్న. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు, పాత రికార్డులోని తప్పులు తెరమీదికీ చేరాయి. సల్వాజుడుం కాలంలో బస్తర్ విడిచి గోదావరి దాటి వచ్చిన గొత్తికోయలు ఇక్కడి అడవుల్లో నేటికీ కుల ధ్రువపత్రానికీ పట్టాకూ ఇబ్బంది పడుతూనే ఉన్నారు. వాళ్లెవరో, ఎందుకొచ్చారో, ఏం సాగు చేస్తున్నారో ఏ సర్వరూ తనంతట తాను తెలుసుకోలేదు. ఎవరో ఒక అధికారి ఆ గూడేనికి నడిచి వెళ్లాలి, వాళ్ల మాట వినాలి. పోర్టల్‌లో పేరు నమోదు చేయడం ఆ తర్వాతి పని.