బట్టలుతికిన చేతులతోనే వేలమందికి బతుకుదెరువు: మేడమ్ సి.జె. వాకర్ జీవితం

నారాయణఖేడ్ లాంటి ఊళ్లలో కూడా ఇవాళ లేడీస్ బ్యూటీ పార్లర్ బోర్డులు మామూలైపోయాయి. ఇంట్లోనే ఒక గదిలో కుర్చీ, అద్దం పెట్టుకుని నడిపే అక్కలున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో మెహందీ పెట్టి నాలుగు పైసలు సంపాదించుకునే అమ్మాయిలున్నారు. ఈ పని ఆడవాళ్ల చేతిలోనే ఉండాలి, దాని మీద వచ్చే పైసలు కూడా వాళ్లకే దక్కాలి అన్న ఆలోచనతో నూరేళ్ల కిందనే పెద్ద కంపెనీ నడిపిన మహిళ అమెరికాకు చెందిన మేడమ్ సి.జె. వాకర్. ఒంటరిగా పైకొచ్చిన మనిషిగా ఆమె గురించి చెబుతుంటారు. కానీ ఆమె ఎక్కిన ప్రతి మెట్టు దగ్గరా ఇంకో ఆడమనిషి సాయం కనబడుతుంది. ఒక్క చోట మాత్రం దోస్తీ కాదు, పోటీ కనబడుతుంది.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబర్ 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టా అనే పల్లెలో, ఒక పత్తి తోటలో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్లు. బానిసత్వం రద్దయ్యాక ఆ ఇంట్లో పుట్టిన మొదటి బిడ్డ సారా. ఏడేళ్లకే తల్లిదండ్రులిద్దరూ పోయారు. అక్క లువీనియా దగ్గర పెరిగింది. బావ పెట్టే బాధ తట్టుకోలేక 14 ఏళ్లకే పెళ్లి చేసుకుంది. 1885లో కూతురు లీలియా పుట్టింది. రెండేళ్లకే భర్త చనిపోయాడు. ఇరవై ఏళ్ల వయసులో, చంకలో పిల్లతో, చదువు లేకుండా మిగిలింది.

అన్నలు సెయింట్ లూయిస్ నగరంలో క్షవరం పని చేసేవాళ్లు. 1888లో ఆమె అక్కడికి చేరి బట్టలుతికే పనిలో దిగింది. రోజంతా సబ్బునీళ్లలో చేతులు నానబెడితే వచ్చేది డాలరు, డాలరున్నర. ఆ పైసలతోనే కూతుర్ని చదివించి, తర్వాత కాలేజీకి కూడా పంపింది.

అక్కడి సెయింట్ పాల్ చర్చిలో ఆమెకు జెస్సీ రాబిన్సన్ అనే టీచర్ పరిచయమైంది. చదువుకున్న, పేరున్న ఇంటి మనిషి. బట్టలుతికే సారాను చిన్నచూపు చూడకుండా కూర్చోబెట్టి మాట్లాడింది. నలుగురిలో ఎలా మెలగాలో, తనను తాను ఎలా గౌరవించుకోవాలో సారా ఇలాంటి స్త్రీల దగ్గరే నేర్చుకుంది. ఆ స్నేహం ఆమె చివరి రోజుల దాకా నిలిచింది.

అప్పట్లో నల్లజాతి ఆడవాళ్లలో చాలామందికి తలలో పుండ్లు, చుండ్రు, జుట్టు ఊడిపోవడం ఉండేది. ఇంట్లో నల్లా ఉండదు, తలస్నానం ఎప్పుడో ఒకసారి. దానికి తోడు ఘాటైన సబ్బులు, సరైన తిండి లేకపోవడం. సారాకు కూడా జుట్టు దాదాపు ఊడిపోయే పరిస్థితి వచ్చింది. అదే సమయంలో అన్నీ టర్న్‌బో అనే మహిళ సెయింట్ లూయిస్‌లో ఇంటింటికీ తిరిగి, తల శుభ్రంచేసి, తను తయారు చేసిన మందు రాసి అమ్ముతోంది. సారా ఆ మందు వాడింది, జుట్టు మళ్లీ వచ్చింది. తర్వాత అన్నీ దగ్గరే ఏజెంటుగా చేరింది. అమ్మకం ఎలా చేయాలి, గడప దగ్గర నమ్మకం ఎలా సంపాదించాలి అన్నది ఆమె నేర్చుకున్నది అక్కడే.

1905లో సారా డెన్వర్ వెళ్లింది. మొదట అన్నీ సరుకే అమ్మింది. 1906లో చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్లి చేసుకుని, మేడమ్ సి.జె. వాకర్ అన్న పేరుతో సొంత మందు మొదలుపెట్టింది. అందులో ముఖ్యమైనది గంధకం. అప్పటికే జనానికి తెలిసిన మందే అది. అన్నీకి కోపం వచ్చింది. నకిలీ సరుకుతో జాగ్రత్త అని పేపర్లలో ప్రకటనలు వేయించింది. తన సరుకుకు పోరో అనే పేరు రిజిస్టర్ చేయించుకుంది. ఇద్దరి మధ్య అలా మొదలైన పోటీ చివరిదాకా సాగింది.

ఇందులో ఎవరిది తప్పు అని ఇవాళ తీర్పు చెప్పడం కష్టం. ఒకరు దారి చూపించారు, ఇంకొకరు ఆ దారిని పెద్దది చేశారు. కానీ లోకం వాకర్ పేరునే గుర్తుపెట్టుకుంది. అన్నీ కూడా 1918లో పోరో కాలేజీ అనే పెద్ద భవనం కట్టి వేలమందికి పని నేర్పించింది. అనాథ పిల్లల ఆశ్రమానికి ఏళ్ల తరబడి అండగా నిలిచింది. ఆమె పేరు చెప్పకుండా వాకర్ జీవితం చెబితే సగమే చెప్పినట్టు.

మన హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చిన 1908లోనే వాకర్ పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరుతో లీలియా కాలేజీ తెరిచింది. తల శుభ్రం చేయడం, మందు రాయడం, లెక్కలు రాసుకోవడం అక్కడ నేర్పేవాళ్లు. 1910లో ఇండియానాపోలిస్‌లో కంపెనీ పెట్టింది. ఫ్యాక్టరీ బాధ్యతను ఆలిస్ కెల్లీ అనే టీచర్ చూసుకుంది. చిన్నప్పుడు సరైన బడి చదువు దక్కని యజమానికి వ్యాకరణం, ఉత్తరాలు రాయడం నేర్పింది కూడా ఈ ఆలిసే. తన దగ్గర జీతం తీసుకునే మనిషి దగ్గరే పాఠం నేర్చుకోవడానికి వాకర్ నామోషీ పడలేదు.

వ్యాపారం ఇక చాలు, ఇంతకంటే పెంచొద్దు అని భర్త అనుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. 1912లో విడాకులయ్యాయి. పేరు మాత్రం వదల్లేదు, అప్పటికే అది డబ్బాల మీదికెక్కింది.

అదే ఏడాది షికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ జరిగింది. పెద్ద నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. రెండు రోజులు ఓపిక పట్టింది. ఆఖరి రోజు తనంతట తానే లేచి, పత్తి చేను నుంచి బట్టల తొట్టి దాకా, అక్కడి నుంచి సొంత ఫ్యాక్టరీ దాకా తను వచ్చిన దారి చెప్పింది. మరుసటి ఏడాది సభకు ఆ నాయకుడే ఆమెను వక్తగా పిలిచాడు.

ఆమె ఏజెంట్లు వేలల్లో పెరిగారు. ఎక్కువమంది నిన్నటిదాకా బట్టలుతికినవాళ్లు, ఇళ్లల్లో వంట చేసినవాళ్లు. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్లకు మొదటి మహాసభ పెట్టింది. 200 మందికి పైగా వచ్చారు. ఎక్కువ అమ్మినవాళ్లకు బహుమతులు ఇచ్చింది. బస్తీలో పేదలకు ఎక్కువ మదద్ చేసిన సంఘాలకు కూడా ఇచ్చింది. ఆ ఏడాదే ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో నల్లజాతివాళ్ల మీద ఘోరమైన దాడి జరిగింది. మూకహత్యలను ఆపే చట్టం తేవాలని ఆ ఆడవాళ్లంతా కలిసి ప్రెసిడెంట్ విల్సన్‌కు టెలిగ్రామ్ కొట్టారు. తల నూనె అమ్మేవాళ్లకు రాజకీయం ఎందుకు అని వాళ్లు అనుకోలేదు.

ఇంకో మాట మనవాళ్లు గమనించాలి. చర్మం తెల్లబడే క్రీములకు అప్పుడు అమెరికాలో మంచి గిరాకీ. వాకర్ బతికున్నంత కాలం అవి అమ్మలేదు. కంపెనీ ఆ సరుకు తెచ్చింది ఆమె పోయాక. జుట్టు సాఫు చేసే మనిషి అని తనను పిలిస్తే ఒప్పుకునేది కాదు, తన పని తల ఆరోగ్యం అనేది. వేడి దువ్వెన కూడా ఆమె కనిపెట్టింది కాదు, వాడకంలోకి తెచ్చినవాళ్లలో ఒకరు. మన దగ్గర 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మారడానికి 2020 దాకా పట్టింది. దీన్నిబట్టి ఆమె నిర్ణయం ఎంత బరువైనదో అర్థమవుతుంది.

1918లో న్యూయార్క్ దగ్గర ఇర్వింగ్టన్‌లో పెద్ద బంగ్లా కట్టుకుంది. నల్లజాతి ఆర్కిటెక్ట్‌తోనే కట్టించింది. అప్పటికే రక్తపోటు, కిడ్నీ జబ్బు. రెస్టు తీసుకోమని డాక్టర్లు చెప్పినా ఊళ్లు తిరగడం ఆపలేదు. 1919 వసంతంలో కొత్త సరుకు పనిమీద సెయింట్ లూయిస్ వెళ్లి జెస్సీ రాబిన్సన్ ఇంట్లోనే జబ్బుపడింది. రైల్లో ఇంటికి తెచ్చారు. మే 25న కన్నుమూసింది. వయసు 51.

పేపర్లు ఆమెను మిలియనీర్ అన్నాయి. పోయినప్పుడు ఆస్తి లెక్క ఆరు లక్షల డాలర్ల చిల్లరే తేలింది. కంపెనీకి ముందుముందు వచ్చే లాభంలో మూడింట రెండు వంతులు మంచి పనులకు పోవాలని వీలునామా రాసింది. మిగతా ఆస్తిలో ఎక్కువ భాగం కూతురికి, మిగిలినది తనతో పనిచేసినవాళ్లకు, స్నేహితులకు, బళ్లకు పంచింది.