యాన్ యోహాన్సన్

యాన్ యోహాన్సన్ (సెప్టెంబరు 16, 1931 - నవంబరు 9, 1968) సుప్రసిద్ధ స్వీడిష్ జాజ్ పియానో వాద్యకారుడు, స్వరకర్త. స్వీడన్ జానపద గీతాలను జాజ్ పద్ధతిలో వాయించి సామాన్య శ్రోతలకు చేరువ చేసినవాడు. 1964లో వెలువడిన ఇతని ఆల్బమ్ "జాజ్ పో స్వెన్స్కా" (స్వీడిష్‌లో జాజ్ అని అర్థం) ఆ దేశపు జాజ్ రికార్డులన్నిటిలోకీ ఎక్కువగా అమ్ముడైనది.

బాల్యం, విద్య

స్వీడన్ తూర్పు తీరంలోని సోదర్‌హామ్న్ పట్టణంలో జన్మించాడు. చిన్ననాడే పియానో నేర్చుకున్నాడు. ఇంజనీరింగు చదవడానికి గోథెన్‌బర్గ్ నగరంలోని చాల్మర్స్ సాంకేతిక విద్యాలయంలో చేరాడు గానీ, ఆ ఊరి జాజ్ బృందాలతో వాయించడంలో మునిగి చదువు విడిచి సంగీతాన్నే వృత్తిగా స్వీకరించాడు.

కోపెన్‌హేగన్

1950ల చివరినాటికి డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ యూరప్ జాజ్ సంగీతానికి ఒక ముఖ్య కేంద్రమైంది. అమెరికన్ శాక్సోఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ అప్పుడు అక్కడే నివసిస్తున్నాడు. యోహాన్సన్ ఆ నగరానికి వెళ్ళి గెట్జ్ పక్కన పియానో వాయించాడు. 1960 జనవరిలో అక్కడ రికార్డయిన గెట్జ్ ఆల్బమ్‌లో వినిపించే పియానో ఇతనిదే. తరువాత స్టాక్‌హోమ్ చేరి ఆర్నే దోమ్నెరుస్ బృందంలో పనిచేశాడు.

జానపద గీతాలు

స్వీడన్ పల్లెల్లోని పాత వాద్య బాణీలను సేకరించి స్వరసహితంగా అచ్చువేసిన "స్వెన్స్కా లోతర్" అనే బృహత్ సంకలనం 1922 - 1940 మధ్య వెలువడింది. యోహాన్సన్ తన బాణీలను ఎక్కువగా దానినుండే ఎన్నుకున్నాడు. సిల్యాన్ సరస్సులోని ఒక ద్వీపంలో ఉన్న ఊతన్‌మీర అనే పల్లె పాటతో ఆల్బమ్ మొదలవుతుంది. ఇందులో డ్రమ్ములు లేవు. యోహాన్సన్ పియానో, గేయార్గ్ రీడెల్ బాస్, అంతే. బాణీని దాదాపు ఉన్నదున్నట్టుగా, ఆచితూచి వినిపించి, ఆ తరువాతే కొద్దిపాటి మనోధర్మానికి చోటిస్తాడు. మన కచేరీలలో రాగాన్ని విస్తరించడం వంటిదే ఇదీ, కాకపోతే ఇక్కడ విస్తరణ చాలా తక్కువ. స్వరానికీ స్వరానికీ నడుమ వదిలిన నిశ్శబ్దమే ఈ సంగీతానికి ప్రాణం. వేగానికీ సంక్లిష్టతకూ పేరుపడిన ఆనాటి జాజ్‌లో ఇంత పొదుపుగా వాయించడం సాహసమే. జనాభా 80 లక్షలకు మించని దేశంలో ఈ రికార్డు రెండున్నర లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. జాజ్ ఎన్నడూ విననివారు కూడా దీనిని కొన్నారన్నమాట.

ఇదే పద్ధతిలో రష్యన్ పాటలతో 1967లో ఒక ఆల్బమ్, డెన్మార్క్ వయొలిన్ విద్వాంసుడు స్వెన్ ఆస్ముసెన్‌తో కలిసి హంగేరీ బాణీలతో 1968లో మరొకటి చేశాడు. అయితే ఇతనిని జానపద బాణీలకే పరిమితం చేయడం సరికాదు. స్వీడిష్ రేడియో జాజ్ బృందానికి ఇతడు వ్రాసిన రచనలు ఎంతో ప్రయోగాత్మకమైనవి.

మరణం, అనంతరం

1968 నవంబరు 9న కచేరీకి కారులో వెళుతూ స్టాక్‌హోమ్ సమీపంలోని సొల్లెంతూన వద్ద ప్రమాదంలో మరణించాడు. అప్పటికి వయసు 37 ఏళ్ళు. ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ బాలల కథల ఆధారంగా నిర్మించిన "పిప్పి" టెలివిజన్ ధారావాహిక కోసం ఇతడు కూర్చిన శీర్షిక గీతం 1969 ఫిబ్రవరిలో తొలిసారి ప్రసారమైంది. స్వీడన్‌లో పిల్లలందరికీ తెలిసిన ఆ పాటకు లభించిన ఆదరణను ఇతడు చూడలేకపోయాడు.

తండ్రి మరణించేనాటికి ఇతని కుమారులు ఆండెర్స్, యెన్స్ పసివాళ్ళు. పెద్దయ్యాక ఇద్దరూ హెవీ మెటల్ సంగీతంలో పేరు తెచ్చుకున్నారు, ఒకరు డ్రమ్స్‌లో, మరొకరు కీబోర్డులో. తండ్రి పాత రికార్డింగులను తమ సొంత సంస్థ హెప్టాగన్ ద్వారా తిరిగి విడుదల చేశారు.