తంతిలేని వార్తకు బాటవేసిన జగదీశ చంద్ర బోసు

ధనమున్నచోటనే విజ్ఞానశాస్త్రము వర్ధిల్లునను భ్రమ పలువురకు గలదు. ఆ భ్రమను తొలగింపగల జీవితము ఆచార్య జగదీశ చంద్ర బోసుగారిది.

ఆయన 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున మైమెన్‌సింగ్‌లో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రగారు ప్రభుత్వోద్యోగియయ్యు, కుమారుని ఆంగ్ల పాఠశాలకు బంపక, మాతృభాషలో బోధించు బడిలో జేర్చిరి. అచట జాలరుల బిడ్డల సరసన గూర్చుండి ఆయన చదివిరి. పిమ్మట కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను విద్య ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. భారతీయుడను కారణమున తక్కువ జీతము నిర్ణయింపగా, దానిని ముట్టక మూడేండ్లు బోధించిరి. అది ఇంట అప్పులున్న కాలము. తుదకు ప్రభుత్వము వెనుకటి కాలమునకు గూడ పూర్తి జీతము చెల్లించెను.

1894లో, హెర్ట్జ్ కనుగొనిన విద్యుత్తరంగములను గూర్చి ఆలివర్ లాడ్జ్ వ్రాసిన పుస్తకము బోసుగారిని ఆకర్షించెను. కళాశాలలో ఆయనకు దగిన పరిశోధనశాల లేదు. స్నానపుగది ప్రక్కనున్న ఇరువదినాలుగు చదరపుటడుగుల చోటే పరిశోధనశాల యయ్యెను. శిక్షణ లేని యొక రేకుపనివాడు సహాయకుడు. రైళ్ల వేళల పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులుంచియు, జనుపనారను మెలివేసియు, ఆయన తరంగముల నడకను పరీక్షించిరి. ఆ తరంగములలో కొన్నిటి పొడవు అయిదారు మిల్లీమీటర్లే! 1895లో కలకత్తా టౌన్‌హాలులో, గోడలకావలనుండి తరంగములను బంపి గంట మ్రోగించి, తుపాకిమందు నంటించి చూపిరి.

తన శోధనలను ధనార్జనకు వాడుకొనుట ఆయనకు సమ్మతము కాదు. మిత్రుల బలవంతముపై మాత్రము, గెలీనా యను సీసపు ఖనిజముతో తరంగములను గుర్తించు సాధనమునకు 1904లో అమెరికాలో పేటెంటు పొందిరి. 1917లో కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరమును స్థాపించిరి. 1937లో గిరిడీలో పరమపదించిరి.

ఆ గెలీనా స్ఫటికమే 1920 ప్రాంతమున అనేక దేశముల పేద ఔత్సాహికులకు తొలి రేడియో యయ్యెను. ఒక తీగచుట్ట, ఒక స్ఫటికము, చెవికి దగిలించుకొను శ్రవణయంత్రము, ఆరుబయట గట్టిన పొడుగుతీగ, భూమిలో బాతిన మరియొక తీగ: ఇవియున్న చాలును, సమీపమునందలి మధ్యతరంగ ప్రసారములు బ్యాటరీ లేకయే వినబడును.

ఔత్సాహిక రేడియో నేర్వగోరు యువతీయువకులు నేడును వినుటతోనే ఆరంభింపవచ్చును. ప్రసారము చేయుటకు మాత్రము కేంద్రప్రభుత్వపు పరీక్షలో నుత్తీర్ణులై లైసెన్సు పొందవలెను. విలువగల యంత్రములు పిమ్మట సమకూర్చుకొనవచ్చును. ముందుగా గావలసినది ఒక మంచి పుస్తకము, పనిచేయు చేయి, విడువని పట్టుదల. బోసుగారి మూలధనమును అదియే.