కనుమలు తిరిగిన మన్రో దొర

మన సీమ కొండలూ కనుమలూ కాళ్లరిగేలా తిరిగిన కలెక్టరు సర్ థామస్ మన్రో. 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించి, 1780లో కంపెనీ సైన్యంలో పనిచేయడానికి మద్రాసు వచ్చారు. నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి వదులుకోగా, ఇక్కడ ప్రధాన కలెక్టరై 1807 వరకు ఉన్నారు.

ఆయన బంగళాలో కూర్చోలేదు. గుర్రం మీదా కాలినడకనా ఊరూరూ తిరిగి, డేరాల్లోనే కాపురముంటూ, పొలాలు కొలిపించి నేరుగా రైతు పేరనే శిస్తు నిర్ణయించారు. అదే రైతువారీ పద్ధతి. మధ్యలో జమీందారు లేడు. మా పాఠాల్లో ఇంతవరకే ఉంది. సెంటు భూమి లేని మా తాతల పేర్లు ఆ లెక్కల్లో ఎందుకుంటాయి? కొలత గొలుసులు లాగిందీ, డేరాలు మోసిందీ ఎవరో మరి!

అయినా ఆయన్ను తీసిపారేయలేం. మద్రాసు గవర్నరుగా ఉండి, స్వదేశం వెళ్లేముందు ఈ సీమను మరోసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుపారే కడప జిల్లా గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందట. చావు దగ్గరపడ్డ పుణ్యాత్ములకే అది కనబడుతుందని జనం నమ్మకం. కథే కావచ్చు. కానీ ఆ పరాయి దొర మీద అభిమానంతో సీమ పల్లెల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న మాట మాత్రం నిజం.