ఏఎస్ రావు నగర్‌లో ఏఎస్ రావు ఎవరు?

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఈసీఐఎల్ బస్సు ఎక్కని వాళ్ళు మనలో తక్కువే. ఏఎస్ రావు నగర్ అంటే మనకి హోటళ్ళు, షాపింగ్, ట్రాఫిక్. ఈసీఐఎల్ అంటే ఒక క్రాస్‌రోడ్స్. ఆ రెండు పేర్ల వెనకా ఉన్నది ఒక్కరే. మన పత్రికలో కవుల గురించి, కథకుల గురించి ఎప్పుడూ చదువుతూనే ఉంటాం కదా, ఈసారి ఒక ఇంజనీర్ గురించి రాస్తాను. ఆయన పని ఏంటంటే, చాలా చిన్న సిగ్నల్‌ని చాలా పెద్ద గోలలోంచి బయటికి లాగడం. దాదాపు జీవితమంతా ఏదో ఒక రూపంలో అదే చేశారు.

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబర్ 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి ఊరు. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరు కూడా అదే, అందుకే మోగల్లు అనగానే అందరికీ అల్లూరే గుర్తొస్తారు. సాంబశివరావు చదువు కోసం కాశీ వెళ్ళారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో చదివాక అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. మనలో సగం మంది ప్లాన్ కూడా అదే కదా! కాకపోతే ఆయన తిరిగొచ్చేశారు. వచ్చి హోమీ భాభా దగ్గర పనిలో చేరారు.

మొదట కాస్మిక్ కిరణాల ప్రయోగాలకి కావలసిన ఎలక్ట్రానిక్స్. తర్వాత ట్రాంబేలో అణు పరిశోధనకి, రేడియేషన్ కొలవడానికి కావలసిన పరికరాలు. బయటి నుంచి కొనడానికి డబ్బూ లేదు, అమ్మేవాళ్ళూ తక్కువ, కాబట్టి తయారు చేసుకోవాల్సిందే. 1956 ఆగస్టు 4న మన దేశపు మొదటి రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలైంది. దాని కంట్రోల్ సిస్టమ్ తయారీ వెనక ఉన్నది ఆయన, ఆయన టీమ్.

ఆ పని ఎందుకు కష్టమో కొంచెం చెప్పాలి. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో కళ్ళతో చూడలేం. న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో డిటెక్టర్ చెప్పాలి. స్టార్ట్ చేసే టైంలో అవి చాలా తక్కువ ఉంటాయి, డిటెక్టర్ ఇచ్చే పల్స్ కూడా మరీ చిన్నది. అది కేబుల్‌లోంచి యాంప్లిఫయర్‌కి చేరేలోపు పక్కన ఏ మోటారు తిరిగినా, ఎవరు ఏ స్విచ్ వేసినా ఆ గోల కూడా దాంతో కలిసిపోతుంది. ఏది న్యూట్రానో ఏది గోలో తేల్చలేకపోతే మీటర్ చూసి ఏమీ నమ్మలేం. రేడియోలో గరగర వస్తే మనం ఛానల్ మార్చేస్తాం. రియాక్టర్ దగ్గర ఆ సౌకర్యం లేదు.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌లో మనం ఎంత వెనకబడి ఉన్నామో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. అందులో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళన్నమాట. రిపోర్ట్ 1966లో బయటికొచ్చింది, కానీ ఆ జనవరి 24నే భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మన ఈసీఐఎల్, హైదరాబాద్‌లో మొదలైంది. దాన్ని నడిపే బాధ్యత రావు గారి మీద పడింది. అప్పటికి ఆయనకి 52 ఏళ్ళు. ల్యాబ్ వదిలి ఫ్యాక్టరీకి రావడానికి అదేమీ చిన్న వయసు కాదు. ల్యాబ్‌లో ఒక్క పరికరం పనిచేస్తే చాలు, పేపర్ రాసుకోవచ్చు. ఫ్యాక్టరీలో వెయ్యోది కూడా మొదటిదానిలాగే పనిచేయాలి.

సీఎస్ఈ వాళ్ళం కాబట్టి టీడీసీ-12 సంగతి వదలకూడదు. 1969లో ఈసీఐఎల్ తయారుచేసిన కంప్యూటర్ అది. పేరులో టీ అంటే ట్రాంబే, 12 అంటే వర్డ్‌లో బిట్లు. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ధర ఎక్కువని, డెలివరీ ఆలస్యమని, ఈసీఐఎల్ కోసం విదేశీ మెషీన్లని ఆపేశారని విమర్శలు అప్పుడే వచ్చాయి. నాకైతే వాటిలో చాలావరకు నిజం ఉందనిపిస్తుంది. కొనేవాడికి వేరే దారి లేనప్పుడు అమ్మేవాడికి తొందర ఉండదు. కానీ ఈసీఐఎల్‌ని కంప్యూటర్లతోనే కొలిస్తే అన్యాయం. అసలు పరీక్ష టీవీల దగ్గర వచ్చింది.

సైట్ అని ఒక ప్రయోగం జరిగింది, శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్. ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెటూళ్ళకి టీవీ. ఇది సారాభాయ్ కల. నాసాతో ఒప్పందం 1969లోనే అయింది, కానీ 1971 చివర్లో ఆయన కూడా పోయారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక ఏడాది, నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు. మన వైపు మెదక్, మహబూబ్‌నగర్, హైదరాబాద్, కర్నూలు జిల్లాల ఊళ్ళు ఉన్నాయి. పొద్దున బడిపిల్లల కోసం గంటన్నర, సాయంత్రం పెద్దల కోసం రెండున్నర గంటలు. మనకీ కర్ణాటకకీ బొమ్మ ఒకటే, దాంతోపాటు రెండు ఆడియోలు వచ్చేవి, ఒకటి తెలుగు, ఒకటి కన్నడం. ఒకే వీడియోకి రెండు ఆడియో ట్రాకులు, అదీ 1975లో!

ఊళ్ళో పెట్టే సెట్టు డిజైన్ అహ్మదాబాద్‌లోని ఇస్రో వాళ్ళది, తయారీ ఈసీఐఎల్‌ది. పది అడుగుల డిష్, దాన్ని కోళ్ల గూళ్ళకి కట్టే ఇనుప జాలీతో చేశారు. ఆ సిగ్నల్‌ని టీవీకి సరిపోయేలా మార్చే కన్వర్టర్ ఒకటి, దాని తర్వాత టీవీ. నేను జాలీ సంగతి చదివినప్పుడు ఇది పేదరికం అనుకునేవాళ్ళు ఉంటారనిపించి లెక్క వేశాను. ఉపగ్రహం పంపేది 860 మెగాహెర్ట్జ్ మీద. తరంగం పొడవు 35 సెంటీమీటర్లు. జాలీ కన్నం అందులో పదో వంతుకి లోపుంటే ఆ తరంగానికి కన్నం ఉన్నట్టే తెలీదు, రేకు మీద పడినట్టే వెనక్కి తిరుగుతుంది. గాలి మాత్రం దూరిపోతుంది. అంటే గాలివానకి డిష్ పడిపోయే భయం తగ్గింది, బరువు తగ్గింది, ఖర్చూ తగ్గింది. ఇంకో లెక్క. మూడు మీటర్ల డిష్ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర చూసే వెడల్పు సుమారు 8 డిగ్రీలు. ఇవాళ మన మేడల మీద డీటీహెచ్ డిష్‌కి అది మూడు డిగ్రీలు కూడా ఉండదు. పల్లెలో ఎవరైనా గేదెని దాని కాలుకి కట్టేసి కొంచెం కదిపినా బొమ్మ వెంటనే పోదన్నమాట.

అయినా రిసెప్షన్ పాడవడానికి కారణాలకి కొదవ లేదు. ఉపగ్రహం మనకి పడమర వైపు, కొంచెం దక్షిణానికి, ఆకాశంలో సగం ఎత్తు కన్నా కిందే ఉండేది. ఆ దిక్కున ఒక మర్రిచెట్టు ఉంటే చాలు. ఎండ, దుమ్ము, వానకి తుప్పు పట్టే కనెక్టర్లు, ఇష్టమొచ్చినట్టు ఊగే వోల్టేజ్. కరెంటే లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీతో నడిపారు. పైగా ఇది ఎఫ్ఎం సిగ్నల్, ఒక హద్దు వరకు బాగానే ఉంటుంది, హద్దు దాటి తగ్గితే బొమ్మ మొత్తం చుక్కలైపోతుంది. అసలు సమస్య ఏంటంటే ఉపగ్రహం ఒక్క ఏడాదే ఉంటుంది. ఒక ఊళ్ళో సెట్టు నెల రోజులు మూలపడితే ఆ నెల ఆ ఊరికి మళ్ళీ రాదు. ఆ బడి పిల్లలకి రిపీట్ టెలికాస్ట్ లేదు. అందుకే ప్రతి ప్రాంతంలో రిపేర్ టీములు పెట్టి, జీపుల్లో ఊరూరూ తిప్పారు. ఏడాది పొడవునా ఎక్కువ సెట్లు పనిచేస్తూనే ఉన్నాయి.

ఈసీఈ ఫ్రెండ్స్‌కి ఒక తమాషా. ఇవాళ అమెరికాలో పోలీసులు, ఫైర్ సర్వీసు వాడే డిజిటల్ ట్రంక్డ్ రేడియోలు చాలావరకు 851 నుంచి 869 మెగాహెర్ట్జ్ మధ్యలో వస్తాయి. సైట్ వాడిన 860 సరిగ్గా ఆ నడిమధ్య. అక్కడ హాబీగా స్కానర్లతో వాటిని వింటారు. మన దగ్గర లైసెన్స్ లేకుండా అలాంటివి ముట్టుకోకూడదు, ముందే చెప్తున్నా. ట్రంకింగ్ అంటే కొన్ని ఛానళ్ళని చాలామంది పంచుకోవడం. ఎవరు ఏ ఛానల్‌లో మాట్లాడాలో ఒక కంట్రోల్ ఛానల్ చెప్తుంది. స్కానర్ దాన్ని సరిగ్గా చదవలేకపోతే మిగతాదంతా వృథా. మాట ముక్కలు ముక్కలుగా వస్తే కొత్తవాళ్ళు ముందు సెట్టింగులు మారుస్తారు, తర్వాత కొత్త బాక్స్ కొంటారు. చూడాల్సింది యాంటెన్నా ఆ బ్యాండ్‌దేనా, ఎంత ఎత్తులో ఉంది, కేబుల్ ఎంత పొడవు, కనెక్టర్ వదులైందా అని. అన్నిటికన్నా చిత్రమైంది ఇంకోటి. ఒకే మాటని చాలా టవర్లు ఒకేసారి పంపే చోట, రెండు టవర్ల సిగ్నల్ కొన్ని మైక్రోసెకన్ల తేడాతో చేరి బిట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. సిగ్నల్ బార్లు ఫుల్‌గా ఉంటాయి, మాట మాత్రం రాదు. అక్కడ ఎత్తు పెంచితే ఇంకా పాడవుతుంది. ఒక్క టవర్ వైపే చూసే యాంటెన్నా పెట్టి మిగతావాటిని వినకుండా చేయాలి.

అప్సర కేబుల్ దగ్గరా, మెదక్ జాలీ డిష్ దగ్గరా, ఈ స్కానర్ దగ్గరా వెతికే వరస ఒకటే. సిగ్నల్ ఎక్కడ పుడుతుందో అక్కడి నుంచి ఒక్కో అడుగూ చూసుకుంటూ రావాలి. రావు గారి గురించి నాకు నచ్చేది ఇక్కడే ఉంది. సొంతంగా తయారుచేశాం అని గొప్ప చెప్పుకోవడం తేలిక. కానీ బాక్స్ లోపల ఏ భాగం ఏం చేస్తుందో తెలిసినవాళ్ళు జీపు దూరంలో ఉంటేనే ఆ తయారీకి అర్థం. బయటి నుంచి మూసి ఉన్న పెట్టె కొనుక్కుని ఉంటే, మొదటి వానాకాలానికే సగం ఊళ్ళలో డిష్ మీద బట్టలారేసేవాళ్ళని నా అనుమానం.

1976 జూలై 31న ప్రసారాలు ఆగిపోయాయి. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకెళ్ళిపోయింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో దూరదర్శన్ మొదలైంది. ఆ కాలంలోనే ఈసీ టీవీలు మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి, షట్టర్ ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ గుర్తుకొస్తుందేమో. 1977లోనే ఎన్నికల సంఘం ఓటింగ్ మెషీన్ తయారు చేయగలరా అని అడిగింది ఈసీఐఎల్‌నే. నమూనా 1979లో వచ్చింది. రావు గారు అంతకు ముందే, 1978లో తప్పుకున్నారు. 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ వచ్చాయి. 2003 అక్టోబర్ 31న పోయారు, అంటే నేను పుట్టకముందే.

2008లో చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బైలాలులో 32 మీటర్ల యాంటెన్నా నిలబెట్టింది ఈసీఐఎల్ వాళ్ళే. దానికి జాలీ సరిపోదు, ఫ్రీక్వెన్సీ ఎక్కువ. సిగ్నల్ వచ్చే దూరం కూడా ఏటీఎస్-6 కన్నా పది రెట్లు.